భీముని కొలను దాకా నా ఏడాది నడక

ఉగాది ఇంకా పది పన్నెండు రోజులుందనగానే మా కర్నూలు రోడ్ల మీద కన్నడం వినబడడం మొదలవుతుంది. రాయచూరు, బాగల్‌కోట, విజయపుర వైపు నుంచి శ్రీశైలానికి కాలినడకన పోయేవాళ్ళు. భుజాన సంచి, నెత్తిన తువ్వాలు, పాదాలకు గుడ్డపట్టీలు, నోట్లో మల్లయ్య పేరు. కొందరు కావడి మోస్తారు. కొందరు కర్రకాళ్ళ మీద నడుస్తారు. భ్రమరాంబ వాళ్ళకు ఇంటి ఆడపడుచు. పండక్కి ఆడబిడ్డకు చీర, పసుపు కుంకుమ పెట్టి రావడానికి పోతున్నామంటారు.

నా పుట్టిల్లు ఎమ్మిగనూరు. ఆ రోజుల్లో మా నాయన వాకిట్లో కుండతో మజ్జిగ పెట్టేవాడు. లోటాతో ముంచి పోయడం నా పని. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక అవ్వ మజ్జిగ తాగి, నా గడ్డం పట్టుకుని “బర్తీయేనవ్వా?” అంది. వస్తావా తల్లీ అని. నేను నవ్వి ఇంట్లోకి పరిగెత్తాను. ఆ మాట మాత్రం లోపలే ఉండిపోయింది. పెళ్ళయి కర్నూలు వచ్చాక కూడా ప్రతి ఉగాదికీ వాళ్ళను చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి పోవాలి అనుకుంటాను, పండగ పనుల్లో పడి మర్చిపోతాను. ఎవరికీ చెప్పలేదు. ఇంటి ఆడమనిషి ఇలాంటి కోరిక బయటికి చెబితే అందరూ ముందు ఆ మూడు రోజులు వంటెవరు చేస్తారని ఆలోచిస్తారని నా భయం.

2024 ఫిబ్రవరిలో రక్తపరీక్ష చేయించుకున్నాను. నేను ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా కుర్చీలోనే. అప్పటికి కొన్ని నెలలుగా మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్ళు మూతపడేవి, కాళ్ళు బరువెక్కేవి. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ అంటారు) 6.2 శాతం వచ్చింది. 5.7 లోపు ఉంటే మంచిది, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ జబ్బు. నేను ఆ రెంటికీ మధ్యలో ఉన్నాను. “ఇంకా గుమ్మం బయటే ఉందమ్మా, లోపలికి రానివ్వకండి” అన్నాడు డాక్టరు. మందులు రాయలేదు. తిండి చూసుకోండి, నడవండి అని పంపేశాడు.

మా నాయనకు షుగర్ ఉండేది. చివరి మూడేళ్ళు ఆయన పాదం పుండు నేనే కడిగాను. ముందు ఒక వేలు తీసేశారు, తర్వాత ఇంకోటి. మైళ్ళకు మైళ్ళు నడిచి పత్తి అమ్ముకొచ్చిన మనిషి, గడప దాటడానికి నా భుజం పట్టుకునేవాడు. రిపోర్టు చేతిలో పట్టుకుని ఆటోలో కూర్చున్నప్పుడు నాకు ఆ పాదమే కళ్ళ ముందుంది.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 9న. అంతకు వారం ముందు మా వీధి చివర యాత్రికుల కోసం వేసిన పందిట్లో నీళ్ళు పోస్తున్నాను. డెబ్బై దాటిన ఒకామె పందిరి గుంజను ఆనుకుని కూర్చుని, మడమ పగుళ్ళకు ఆముదం రాసుకుంటోంది. అంత పగిలిన మడమలతో ఆమె అప్పటికే రెండు వందల కిలోమీటర్లు నడిచింది. నాకు నలభై ఐదు. ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పేశాను, వచ్చే ఉగాదికి నేను అడవి దారిన శ్రీశైలం నడిచిపోతానని.

మా ఆయన కాసేపు ఏమీ అనలేదు. “మోకాళ్ళు చూసుకో” అన్నాడు చివరికి. మా అత్త మాత్రం తల ఎత్తి నా వైపు చూసి, “అయితే ముందు రొట్టె తట్టడం నేర్చుకో” అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. తన పెళ్ళికి ముందు, పత్తికొండ దగ్గరి వాళ్ళ ఊరి నుంచి వాళ్ళ అమ్మతో కలిసి తనూ ఆ దారిన నడిచిందంట. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ మాట ఇంట్లో ఎవరికీ తెలియదు, కొడుక్కి కూడా. “ఎండకు అన్నం పూటకే పాచిపోతాది. రొట్టె ఎండితే నెలైనా ఉంటాది. మూటలో రొట్టె, పొడి ఉంటే యాడైనా కూర్చుని తినొచ్చు” అంది. దారిలో లోయ అడుగున ఉండే భీముని కొలను దగ్గర నీళ్ళు తాగిన సంగతి, మెట్లెక్కుతూ వాళ్ళ అమ్మ పాడిన పాట సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె అరచేతులు రెండూ ఒడిలో కదులుతూనే ఉన్నాయి.

మా అత్తింట్లో ఒకప్పుడు రాత్రిళ్ళు రొట్టెలే. ఆమె మణికట్టు నొప్పి పెరిగి తట్టలేకపోయాక ఆ పని ఆగిపోయింది. నేను ఉద్యోగం, పిల్లలు అంటూ కుక్కర్‌లో సోనామసూరి బియ్యం పెట్టడానికే అలవాటు పడ్డాను. మూడు పూటలా బియ్యమే. పొద్దున ఇడ్లీ, దోసె అన్నా అదీ బియ్యమే కదా. ఎప్పుడూ లెక్క వేయలేదు.

రొట్టె నేర్చుకోవడానికి నాకు ఏప్రిల్, మే రెండు నెలలు పట్టింది. తెల్లజొన్నలు, అది కూడా ఆ ఏటి పంటవి తెప్పించుకోమంది అత్త. వారానికి రెండు కిలోలకు మించి పిండి పట్టించనిచ్చేది కాదు, పిండి పాతబడితే జిగురు పోతుందని. గోధుమపిండికి సాగే గుణం ఉంది, నీళ్ళు ఏవి పోసినా ముద్దవుతుంది. జొన్నకు ఆ గుణం లేదు. అందుకే మసిలే నీళ్ళు పోయాలి. ఆ వేడికి పిండి సగం ఉడికి, అప్పుడు జిగురొస్తుంది. మొదటి రోజు నేను చేయి పెట్టగలిగేంత వేడి నీళ్ళు పోశాను. “నీళ్ళు మసలాలమ్మా, కాగితే చాలదు” అంది అత్త. పిండి మధ్యలో గుంట చేసి, మసులుతున్న నీళ్ళు పోసి, గరిటె కాడతో కలిపి, రెండు నిమిషాలు మూత పెట్టాలి. తర్వాత పీట మీద వేసి అరచేతి మడమతో ముందుకు తోస్తూ పిసకాలి.

అంచులు పగిలేవి. తట్టేకొద్దీ చుట్టూ నెర్రెలు పడి, వాన లేని పొలంలా అయ్యేది. ఎత్తబోతే మధ్యకు చిరిగేది. పది రోజులు ఆ ముక్కలనే పెనం మీద కాల్చి అందరం తిన్నాం. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఫోన్లో చూసి ప్లాస్టిక్ కవరు మీద తట్టాను ఒకరోజు. అత్త వచ్చి ఆ కవరు తీసేసింది. “దానికి అలవాటు పడితే నీ చెయ్యి ఎప్పటికీ నేర్చుకోదు” అని, తన నొప్పి చెయ్యి నా చేతి మీద పెట్టి తట్టించింది. కుడిచెయ్యి తట్టాలి, ఎడమచెయ్యి అంచు కాయాలి. తట్టే దెబ్బకే రొట్టె పీట మీద తనంతట తాను తిరగాలి. చేత్తో తిప్పకూడదు.

ఒక ఆదివారం ఆమె నా పక్కన కూర్చుని మొదటి నుంచీ చూసింది. నేను పిండి మొత్తం ఒకేసారి పిసికి, ముద్దలు చేసి వరసగా పెట్టుకుంటున్నాను. చివరి ముద్ద వంతు వచ్చేసరికి అది ఆరిపోతోంది. “ఒక్కో ముద్దను తట్టే ముందు మళ్ళా పిసకాల. చేతికి మెత్తగా, చెవి తమ్మె మాదిరి వచ్చేదాకా” అంది. ఇన్ని రోజులు అదే తప్పు. తడిచేత్తో ముద్దను మళ్ళీ పిసికి, పొడిపిండి చల్లి తట్టాను. అంచు పగల్లేదు. రెండు చేతుల వేళ్ళు కిందకు పోనిచ్చి ఎత్తి, పొడిపిండి అంటిన వైపు పైకి ఉండేలా పెనం మీద వేశాను. తడిగుడ్డతో పైన తుడిచి, ఆ తడి పూర్తిగా ఆరకముందే తిప్పాను. గుడ్డతో అంచు అదిమితే మధ్యలో పొంగింది. ఆ రొట్టె అత్తకు పెట్టాను. బుడ్డల పొడి, అంటే వేరుశనగ పొడి, పచ్చినూనె వేసుకుని మాట్లాడకుండా తినేసి, ఇంకోటి వెయ్యమంది.

తిండి మారింది అంటే అందరూ జొన్నరొట్టె తింటే షుగర్ తగ్గుతుందా అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. జొన్నలోనూ పిండిపదార్థమే ఎక్కువ. బియ్యంతో పోలిస్తే పీచు ఎక్కువ, అందుకే నెమ్మదిగా అరుగుతుంది, త్వరగా కడుపు నిండినట్టుంటుంది. కానీ లెక్క లేకుండా రొట్టెలు తింటే ఎక్కువ అన్నం తిన్నట్టే. నాకు మేలు చేసింది లెక్క. రొట్టెను లెక్క పెట్టుకోవచ్చు. అన్నాన్ని గరిటెలతో వడ్డించుకుంటే లెక్క తప్పుతుంది. రాత్రికి రెండు రొట్టెలు, పళ్ళెంలో సగం కూర. పుంటికూర పప్పు, గుత్తి వంకాయ, చిక్కుడుకాయ, ఏదో ఒక ఆకుకూర. మధ్యాహ్నం షాపుకు కొర్రన్నం కట్టుకెళ్ళేదాన్ని. కొర్రలు రాత్రే నానబెట్టకపోతే పలుకుగా ఉండి కడుపులో గడబిడ చేస్తాయి. పిల్లలకు మొదట్లో నచ్చలేదు. వాళ్ళకు బియ్యం మానిపించలేదు నేను. ఒకే వంటింట్లో రెండు రకాలు వండాను, అదొక్కటే నాకు ఎక్కువ శ్రమ అయింది. ఉగ్గాని మాత్రం మానలేదు. ఆదివారం ఉగ్గాని, ఒక్క బజ్జీ. బొరుగులు తడిపి ఉల్లిపాయ, పచ్చిమిర్చి తిరగమాత వేసి పైన పప్పుల పొడి చల్లే ఆ వాసన లేకుండా కర్నూలులో ఆదివారం ఎట్లా గడుస్తుంది!

నడక సంగతికి వస్తాను. ఏప్రిల్‌లో మొదలుపెట్టడం కష్టమే. కర్నూలు ఎండలు నలభై దాటుతాయి, ఏడు గంటలకే వీపు కాలుతుంది. నాలుగున్నరకు లేచి ఐదుకల్లా అవుట్‌డోర్ స్టేడియంలో ఉండేదాన్ని. మొదటి రోజు రెండు కిలోమీటర్లకు అరగంట పట్టింది, ఇంటికొచ్చి పడుకున్నాను. నేను లేచే వేళకు మా ఆయన కూడా లేచి పాలు కాచేవాడు, పిల్లల టిఫిన్ చూసేవాడు. ఆయన్ను నేను అడగలేదు. నాలుగో రోజు నుంచి తనే మొదలుపెట్టాడు. ఈ ఏడాదిలో నాకు అందిన అతి పెద్ద సాయం అదే. బూట్లు, నడక, లెక్కలు అన్నీ దాని తర్వాతే. ఆడవాళ్ళకు కోరిక లేక కాదు, పొద్దున ఐదు నుంచి ఏడు దాకా ఆ రెండు గంటలు ఎవరో ఒకరు ఇంటిని మోయాలి.

మే నెలాఖరుకు ఐదు కిలోమీటర్లు సులభంగా నడిచేదాన్ని. ఆ ధీమాతో జూన్‌లో ఒకే వారంలో తొమ్మిదికి పెంచాను, కేసీ కెనాల్ గట్టు వెంబడి. వారం తిరక్కముందే కుడి మోకాలు లోపలి వైపు పోటు. మెట్లు ఎక్కడం పరవాలేదు, దిగేటప్పుడు ప్రాణం పోయేది. ఆ దారిలో భీముని కొలనుకు దిగేదంతా లోయే అని అత్త చెప్పి ఉంది. చాలా టెన్షన్ పడ్డాను. ఒక ఎముకల డాక్టరు దగ్గరికి పోతే, చూసీ చూడకుండానే బరువు తగ్గు, నడక మానెయ్ అని మాత్రలు రాశాడు. ఆ రాత్రి ఏడ్చాను. మా నాయన పాదం మళ్ళీ గుర్తొచ్చింది.

మా షాపు యజమాని చెల్లెలు ఫిజియోథెరపీ చేస్తుంది. ఆమె నన్ను కూర్చోబెట్టి, తొడ గట్టిపరచి చూపించమంది. “మోకాలు బాగానే ఉందక్కా, దాన్ని పట్టుకోవాల్సిన తొడకండరానికి బలం లేదు. పదేళ్ళు కుర్చీలో కూర్చుంటే ఎట్లా వస్తుంది?” అంది. ఇచ్చిన కసరత్తులు చాలా మామూలువి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి పది లెక్కపెట్టే దాకా పట్టి ఉంచడం. వెల్లకిలా పడుకుని కాలు వంచకుండా జానెడు పైకెత్తడం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఇంటి కింది మెట్టు మీదకి ఒకే కాలితో ఎక్కి దిగడం. పొద్దున పదిహేను, సాయంత్రం పదిహేను. నడక రెండు కిలోమీటర్లకు తగ్గించాను. షాపులో కూడా లెక్కలు రాస్తూ బల్ల కింద కాలు చాపేదాన్ని. ఆరు వారాలకు నొప్పి పోయింది. అప్పటి నుంచి వారానికి పదో వంతుకు మించి దూరం పెంచలేదు. ఐదు నడిచిన వారం తర్వాత ఐదున్నరే.

ఆ ఆరు వారాలు నాకు చాలా నేర్పాయి. రొట్టె ముద్దను మళ్ళీ పిసకకుండా తట్టితే ఏమయిందో, కండరం సిద్ధం కాకుండా దూరం పెంచితే అదే అయింది. వంటింట్లో అత్త ఆ మాట అప్పటికే చెప్పింది, నేను కాళ్ళకు అన్వయించుకోలేదంతే.

వానలు తగ్గాక సెప్టెంబరు నుంచి ఆదివారాలు కర్నూలు పక్కన జగన్నాథగట్టు అనే గుట్ట ఎక్కడం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునగకుండా రూపాల సంగమేశ్వరం గుడిని రాయి రాయి విప్పి ఆ గట్టు మీదికి తెచ్చి మళ్ళీ కట్టారు. అక్కడ కూర్చుంటే కింద కర్నూలంతా కనబడుతుంది. నాతో మా వీధిలో పాలు పోసే అక్క, మా షాపులో కుట్టుపని చూసే చెల్లెలు చేరారు. ముగ్గురం కలిసి ఎక్కడం, దిగడం. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి బరువని ఫిజియో అమ్మాయి చెప్పింది కాబట్టి దిగడమే ఎక్కువ సాధన చేశాం. అడుగు చిన్నదిగా, మోకాలు కాస్త వంచి, కర్ర ముందు ఊని. బూట్లు అర సైజు పెద్దవి కొన్నాం, నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది కాబట్టి. అవి కొత్తగా దారిలో వేసుకోకుండా మూడు నెలల ముందే తొడగడం మొదలుపెట్టాం. ఫిబ్రవరికల్లా ఒకే రోజు పద్దెనిమిది కిలోమీటర్లు, మర్నాడు మళ్ళీ పది నడవగలిగాం. వరసగా రెండు రోజులు నడవడమే అసలు పరీక్ష. రెండో రోజు పొద్దున మంచం దిగేటప్పుడు కాళ్ళు ఎంత వరకు మాట వింటాయో అప్పుడే తెలుస్తుంది.

షుగర్ ఆగస్టులో 6.0కి దిగింది, 2025 జనవరిలో 5.8. బరువు ఆరు కిలోలు తగ్గాను. బంధువులు చిక్కిపోయావు, మొహం కళ తప్పింది అన్నారు. నా మధ్యాహ్నం నిద్రమత్తు పోయింది. షాపు మూసే వేళకు కూడా లెక్క తప్పకుండా రాయగలుగుతున్నాను. నాకు అది చాలు.

2025 ఉగాది మార్చి 30, ఆదివారం. మేం గురువారం బయలుదేరాలి. బుధవారం షాపుకు సెలవు పెట్టి నేనూ అత్తా పొద్దున్నుంచి రొట్టెలు చేశాం. నలభై. నేను తట్టాను, ఆమె కాల్చింది. రెండు వైపులా కాలాక సన్నమంట మీద ఇంకాసేపు ఉంచి, తీసి పాత నూలు చీర మీద పరిచాం. సాయంత్రానికి అప్పడాల్లా గట్టిపడ్డాయి. వాటిని అదే చీర ముక్కలో కట్టింది. వేయించిన బుడ్డలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు దంచి ఒక డబ్బా, గురెళ్ళ పొడి ఇంకో డబ్బా. బెల్లం ముక్కలు. ఎండకు చెమటతో ఉప్పు పోతుందని ఓఆర్ఎస్ ప్యాకెట్లు నేను పెట్టుకున్నాను.

ఆత్మకూరు దాకా బస్సు. వెంకటాపురం దగ్గర అడవి మొదలు. ఇది పులుల అభయారణ్యం, మామూలు రోజుల్లో ఈ దారిన పోనివ్వరు. శివరాత్రికీ ఉగాదికీ మాత్రమే యాత్రికులను వదులుతారు. మా ముందూ వెనకా అంతా కన్నడ వాళ్ళే. నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర కాసేపు కూర్చున్నాం. అక్కడి నుంచి పాత రాతిమెట్లు కనబడతాయి. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించింది రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అని చిన్నప్పుడు చదివాను. పద్నాలుగో శతాబ్దం. ఆ మెట్లు నడిచి నడిచి మధ్యలో గుంటలు పడి ఉన్నాయి. నా పాదం ఆ గుంటలో సరిగ్గా ఇమిడింది. ఎన్ని వేల పాదాలు ఆ గుంటను తొలిచాయో అనుకుంటే ఒళ్ళు జలదరించింది. అందులో మా అత్త పాదం కూడా ఉంది.

మార్చి నెల అడవిలో నీడ తక్కువ. ఆకు రాలి మద్దిచెట్లు బోడిగా ఉన్నాయి. కాలి కింద ఎండాకు చప్పుడు, అక్కడక్కడ రాలిన ఇప్పపువ్వు వాసన. పదకొండుకే రాళ్ళు వేడెక్కాయి. మధ్యాహ్నం మూడు గంటలు ఒక చెట్టు కింద పడుకుని, మళ్ళీ నాలుగింటికి లేచి, చీకటి పడుతుండగా పెచ్చెరువు చేరాం. అక్కడ తాత్కాలిక పందిళ్ళు, నీళ్ళు, అన్నదానం ఉన్నాయి. వందల మంది నేల మీద పడుకుని ఉన్నారు. బూట్లు విప్పితే ఎడమ మడమ మీద నీటిబుడగ. సూదితో గుచ్చకుండా పట్టీ వేశాను.

మా పక్కన బాగల్‌కోట నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు మూట విప్పారు. వాళ్ళ దగ్గరా ఎండు జొన్నరొట్టెలే. వాళ్ళలో పెద్దామె నా మూట వైపు చూసి, చెయ్యి చాపి ఒక రొట్టె తీసుకుంది. దీపం దగ్గర పట్టుకుని అంచు చుట్టూ వేలు తిప్పి చూసింది. పగులు ఎక్కడా లేదు. విరిచి నోట్లో వేసుకుని “రొట్టి ఛలో ఆగ్యావ” అంది, బాగా వచ్చాయని. “యార్ కలిసిద్రు?” ఎవరు నేర్పారు అని. మా అత్త అన్నాను. తన పొడి నా అరచేతిలో వేసింది. మేం బుడ్డల పొడి అంటాం, ఆమె శేంగా హిండి అంది. రుచి అదే. మా కుట్టుపని చెల్లెలు అప్పటికే నిద్రపోయింది. నేను ఆమెతో చాలాసేపు మాట్లాడాను. నాకు ఎమ్మిగనూరు కన్నడం కొంచెం వచ్చు. ఆమెకిది పంతొమ్మిదో ఏడు.

మర్నాడు నాలుగింటికే లేచాం. తెల్లవారేసరికి భీముని కొలను లోయ అంచున ఉన్నాం. కిందికి చూస్తే మెట్లు మలుపులు తిరిగి చెట్లలోకి మాయమైపోతున్నాయి. ఇక్కడే నాకు ఏడాదిగా ఉన్న భయం. కర్ర ముందు ఊని, చిన్న అడుగు, మోకాలు వంచి. జగన్నాథగట్టు మీద చేసినట్టే చేశాను. పాల అక్క వెనక నుంచి “తొందర వద్దు, తొందర వద్దు” అంటూనే ఉంది. కుడి మోకాలు మాట విన్నది. కింద రాళ్ళ మధ్య నీళ్ళు కనబడ్డాయి. చల్లగా, అడుగు రాయి కనిపించేంత తేటగా ఉన్నాయి. పాదాలు అందులో పెట్టి కూర్చున్నాను. మా నాయన పాదాలు గుర్తొచ్చాయి. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. పక్కన స్నానం చేస్తున్న ఒకామె నా వైపు చూసి, ఏమీ అడగకుండా నా నెత్తిన దోసెడు నీళ్ళు పోసింది.

అక్కడి నుంచి కైలాస ద్వారం దాకా అంతా ఎక్కుడే. యాభై మెట్లకు ఒకసారి ఆగి నీళ్ళు తాగాం. తొడలు మండుతున్నాయి, ఊపిరి చాలడం లేదు, కానీ కాళ్ళు ఆగలేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచిన ఆ కసరత్తే ప్రతి మెట్టు దగ్గరా పనికొచ్చింది. పై నుంచి ఎవరో శంఖం ఊదారు. ద్వారం కనబడగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా మల్లయ్యా అని ఒక్కసారిగా కేక వేశారు. నాకు గొంతు రాలేదు. రాతి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

హాటకేశ్వరం మీదుగా మధ్యాహ్నానికి శ్రీశైలం చేరాం. దర్శనానికి చాలాసేపు పట్టింది, అది ఎప్పుడూ ఉండేదే. భ్రమరాంబకు ఎర్ర అంచు ఆకుపచ్చ చీర పెట్టాను, మా అత్త కొన్నది.

శనివారం రాత్రి బస్సులో ఇంటికొచ్చేసరికి పదిన్నర. పొద్దుటికి ఉగాది, ఓళిగలకు పప్పు నానబెట్టి ఉంది. మా ఆయన పూర్ణం బెల్లం కూడా తరిగి పెట్టాడు. అత్త ఇంకా పడుకోలేదు. మంచం మీద కూర్చుని, “బూట్లు విప్పు” అంది. నా పాదాలు ఒడిలోకి లాక్కుని లైటు కింద తిప్పి తిప్పి చూసింది. బొటనవేలి గోరు కొంచెం నల్లబడింది, మడమ బుడగ ఆరిపోయింది. వేళ్ళ సందులు కూడా చూసి, కొబ్బరినూనె రాసింది.

“కొలన్లో నీళ్ళుండాయా?”

“ఉండాయత్తా. చల్లగుండాయి.”

“మెట్ల కాడ ఎవరైనా పాడినారా?”

పాడారని చెప్పాను. ఏ పాటో చెప్పమంది. నాకు వచ్చినంత వరకు పాడాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. సంచిలో ఇంకా మూడు రొట్టెలు మిగిలి ఉన్నాయి. ఒకటి తీసి ఇచ్చాను. అంచు మీద వేలు తిప్పి, ఫట్‌మని విరిచి, సగం నా చేతిలో పెట్టింది.